కాన్‌ఫ్లోర్ లేకుండా కాలీఫ్లవర్ కరకరలాడుతుందా? ఆదివారం లోపు చెప్పండి ప్లీజ్

కొత్తకోడలు · మంగళవారం, రాత్రి 9.10

అందరికీ నమస్తే. (పెళ్లయి తొమ్మిదేళ్లయింది. ఇక్కడ పేరు మార్చడం రాక అలాగే ఉంచేశాను.)

వచ్చే ఆదివారం మా మామగారి 70వ పుట్టినరోజు. ఇంట్లోనే చేస్తున్నాం, పన్నెండు మందిమి. ఆయనకి గోబీ 65 అంటే ప్రాణం. కానీ ఆయనకి, మా పెద్దాడపడుచుకి, ఇంకో ఇద్దరు బంధువులకి షుగర్. అందుకని పిండి లేకుండా, నూనెలో ముంచకుండా ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) కాల్చి స్టార్టర్‌గా పెడదామనుకున్నాను.

మొన్న ఆదివారం ట్రయల్ వేశాను. పురుగులు పోవడానికి ఉప్పు, పసుపు వేసి మరిగించిన నీళ్లలో ముక్కల్ని పది నిమిషాలు ఉంచాను. వడకట్టి పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, ఉప్పు, గరం మసాలా పట్టించి గంట పక్కన పెట్టాను. నెట్‌లో చూసిన వంటకంలో 400 డిగ్రీలు అన్నారు. మా ఓటీజీలో 250 దాటి అంకే లేదు. సరేలే అని 250 మీద పెట్టాను. పావుగంటకి పైన మసి, లోపల మెత్త, ట్రే నిండా నీళ్లు. మా అత్తగారు ఒక ముక్క నోట్లో వేసుకుని "ఉడకబెట్టిన దూదిలా ఉందమ్మా" అన్నారు. ఆవిడ వంట గురించి ఎప్పుడూ ఒక్క మాట అనరు, అందుకే ఇంకా గుచ్చుకుంది.

కాన్‌ఫ్లోర్ లేకపోతే అసలు కరకర రాదా? నేనే ఏదైనా తప్పు చేశానా?

ఫ్రిస్కో_వంటిల్లు · మంగళవారం, రాత్రి 9.32

ఆ 400 మా అమెరికా లెక్క అండీ, ఫారెన్‌హీట్. మీ ఓటీజీలో అది దాదాపు 205. నేను 425లో చేస్తాను, అంటే మీకు 220 కంటే ఒక పిసరు తక్కువ. ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకు దీనికి సరిగ్గా రివర్స్ జరిగింది. అమ్మ ఫోన్‌లో కేకుకి 180 అని చెబితే అలాగే పెట్టి రెండు గంటలు కూర్చున్నాను, కేకు పొంగనే లేదు.

ట్రేలో ముక్కలు ఎలా పరిచారు? ఒకదాని మీద ఒకటి ఉన్నాయా?

కొత్తకోడలు · మంగళవారం, రాత్రి 9.40

అయ్యో! అంటే నేను 480లో పెట్టినట్టా మీ లెక్కలో! అవునండీ, పువ్వు మొత్తం ఒకే ట్రేలో పట్టించాను. 28 లీటర్ల ఓటీజీ మాది.

మిరపకాయ_బజ్జీ · మంగళవారం, రాత్రి 9.58

70 ఏళ్ల మనిషికి ఒక్క రోజు అసలు గోబీ 65 పెట్టండమ్మా. ఒక ప్లేటుకి ఏమీ కాదు. నీళ్లు కారే ముక్కలు పెట్టి పుట్టినరోజు అంటే ఆయన కేకు కూడా కోయరు.

కొత్తకోడలు · మంగళవారం, రాత్రి 10.05

ఒక ప్లేటుతో ఆగే మనిషైతే నేను ఈ పోస్టు పెట్టేదాన్నే కాదండీ. మొన్నటి షుగర్ మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) 8.4 వచ్చింది.

పెనం_పిన్ని · బుధవారం, ఉదయం 6.15

కోడలమ్మా, కాన్‌ఫ్లోర్ సంగతి తర్వాత. నీ వంటలోకి నీళ్లు ఎన్నిసార్లు వచ్చాయో ముందు లెక్కపెట్టు. మరిగిన నీళ్లలో పది నిమిషాలు ఉంచావు, సగం అక్కడే ఉడికిపోయింది. తడి ఆరకముందే పెరుగు పట్టించావు. ఉప్పు వేసి గంట ఉంచావు, అది ముక్కలో ఉన్న నీళ్లన్నీ బయటికి లాగేసింది. ఆ పైన ట్రేలో ఇరికించావు, ఒకదాని ఆవిరి ఇంకోదానికి పట్టింది. అసలు కాలీఫ్లవర్‌లోనే నూటికి 92 వంతులు నీళ్లు. పైన తడి ఉన్నంతసేపు ఆ ముక్క వేడి 100 డిగ్రీలు దాటదు, ఉడుకుతుంది తప్ప వేగదు. ఎర్రబడటం 140 దగ్గర గాని మొదలవదు.

దొండకాయ వేపుడు చేస్తావుగా? మూత పెడతావా? ఉప్పు ముందే వేస్తావా? గరిటె పెట్టి ఊరికే కలుపుతావా? మూడూ చెయ్యవు. మా అత్తగారు అయితే కడిగిన దొండకాయల్ని బట్ట మీద ఆరబోసి, ఆరాక గాని కత్తిపీట ముందు కూర్చునేవారు కాదు. నువ్వు చెయ్యాల్సింది కూడా వేపుడే. పెనం బదులు ఓటీజీ, అంతే తేడా. దాన్ని ఇంగ్లీషు వంట అనుకోవడం వల్ల చేతికి తెలిసిందంతా మర్చిపోయావు.

ఇలా చెయ్యి. పువ్వుని పెద్ద ముక్కలుగా విడదీసి, ఉప్పు పసుపు వేసిన వేడి నీళ్లలో వెయ్యి. నీళ్లు మరగకూడదు, వేలు పెడితే చురుక్కుమనాలి. ఐదు నిమిషాలు చాలు, పురుగుంటే పైకి తేలుతుంది. తీసి తలకిందులుగా, అంటే పువ్వు కిందికి కాడ పైకి వచ్చేలా, పాత నూలు చీర ముక్క మీద పేర్చు. ఫ్యాన్ కింద గంట. ఇంకా మంచిది ముందురోజు రాత్రే కడిగి పళ్లెంలో పెట్టి మూత లేకుండా ఫ్రిజ్‌లో ఉంచడం. పొద్దునకి ముట్టుకుంటే కాగితంలా ఉంటుంది.

ఆరాక ఒక్కో ముక్కనీ నిలువుగా రెండుగా కొయ్యి. ఆ కోసిన చదునైన వైపే ట్రేకి ఆనాలి, రుచంతా అక్కడే పుడుతుంది. అరకిలో ముక్కలకి రెండు పెద్ద చెంచాల వేరుశెనగ నూనె, చిటికెడు పసుపు, చేత్తో బాగా పట్టించు. ఉప్పు ట్రేలో పెట్టే ముందు మాత్రమే. ఖాళీ ట్రేని లోపల పెట్టి 220లో పావుగంట వేడెక్కనివ్వు. ముక్కలు పెట్టేటప్పుడు చుయ్యిమనాలి. పదిహేను నిమిషాలు తలుపు తియ్యకు. తిప్పి ఇంకో ఎనిమిది, పది నిమిషాలు.

కారం, వెల్లుల్లి ముందే వేస్తే మాడి చేదు వస్తుంది. దించాక వెయ్యి.

కొత్తకోడలు · బుధవారం, ఉదయం 7.20

పిన్నిగారూ, ఇది ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించాను. ఒక్క డౌట్. పెరుగు లేకపోతే 65 రుచి ఎలా వస్తుంది? ఆ పులుపు?

పెనం_పిన్ని · బుధవారం, ఉదయం 7.45

65 అనగానే నీకు గుర్తొచ్చేది పెరుగా, లేక పైన వేసే కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి వాసనా? చిన్న మూకుట్లో ఒక చెంచా నూనె కాచి, దంచిన వెల్లుల్లి, పచ్చిమిర్చి, గుప్పెడు కరివేపాకు చిటపటలాడించి కారం వేసి వెంటనే దించి ముక్కల మీద పోసి కలుపు. పులుపుకి చివర్లో నిమ్మకాయ పిండు. పెరుగుని గిన్నెలో పక్కన పెట్టు, నంజుకుంటారు.

తార్నాక_బాబాయ్ · బుధవారం, ఉదయం 11.30

నేను రిటైరైన లెక్కల మాస్టారిని, అంకెలు చూడకుండా ఉండలేను. మామూలు గోబీ 65కి అరకప్పు కాన్‌ఫ్లోర్, పావుకప్పు మైదా వేస్తారనుకుందాం. అరకప్పు కాన్‌ఫ్లోర్ 64 గ్రాములు, అందులో పిండి పదార్థం 58 గ్రాములు. మైదా నుంచి ఇంకో 23 దాకా. మొత్తం 80 పైనే. అరకిలో కాలీఫ్లవర్‌లో పీచు తీసేస్తే దాదాపు 15. అంటే షుగర్ పెంచేది పువ్వు కాదు, దాని చొక్కా. పువ్వుకంటే చొక్కాలో ఐదు రెట్లు ఎక్కువ ఉంది.

ఆ అరకిలో నలుగురు తింటే మనిషికి నాలుగు గ్రాములు కూడా పడవు.

కీటో_కుర్రోడు · బుధవారం, మధ్యాహ్నం 1.05

బాబాయ్ గారూ, మీ లెక్క ఇంకా తగ్గుతుంది. నా దగ్గర మన ఇండియా పట్టిక ఉంది. అందులో కార్బ్స్ (అదే, పిండి పదార్థం) అంకె చాలా తక్కువ, దాంట్లోంచి పీచు తీసేస్తే సున్నా కంటే కిందికి వెళ్లిపోతోంది. అంటే కాలీఫ్లవర్ ఎంతైనా తినొచ్చు!

తార్నాక_బాబాయ్ · బుధవారం, మధ్యాహ్నం 1.50

నాయనా, సున్నా కంటే తక్కువ వచ్చినప్పుడే ఆగి ఆలోచించాలి. నువ్వు చూసింది మా వీధిలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చువేసిన పట్టిక అయ్యుండాలి, 528 ఆహార పదార్థాలున్నది. దాంట్లో పీచుని వేరుగా చూపిస్తారు, కార్బోహైడ్రేట్ గడిలో ఉన్నది పీచు తీసేశాక మిగిలిందే. నువ్వు మళ్లీ తీశావు. అమెరికా పట్టికలో, అక్కడి పొట్లాల మీద మాత్రం పీచు కలిపి రాస్తారు. 100 గ్రాముల కాలీఫ్లవర్‌కి వాళ్లు 5 అంటారు, అందులో 2 పీచు. అక్కడ తియ్యాలి, ఇక్కడ తియ్యకూడదు. పట్టిక మారితే లెక్క మారుతుంది.

ఫ్రిస్కో_వంటిల్లు · బుధవారం, సాయంత్రం 6.20

బాబాయ్ గారూ, ఇన్నేళ్లూ ఇండియా నుంచి తెచ్చుకున్న పొట్లాలకీ ఇక్కడివాటికీ ఒకే లెక్క వేస్తున్నాను నేను. ఇండియా పొట్లాల మీద ఏ పద్ధతో?

తార్నాక_బాబాయ్ · బుధవారం, సాయంత్రం 6.50

పొట్లం మీద పీచుని కార్బోహైడ్రేట్ కింద లోపలికి జరిపి రాశారా, విడిగా రాశారా చూడమ్మా. లోపలికి ఉంటే కలిసి ఉన్నట్టు. నా కళ్లద్దాలకైతే ఆ అక్షరాలు ఆనవు, మనవడు చదివి పెడతాడు.

కీటో_కుర్రోడు · బుధవారం, రాత్రి 8.15

ఒప్పుకున్నాను 🙏 కానీ పక్కన క్యారెట్, బీట్‌రూట్, ఉల్లిపాయ మాత్రం పెట్టకండక్కా. అవి 100 గ్రాములకి పదికి దగ్గర. క్యాప్సికమ్, పుట్టగొడుగులు, పనీర్ పెట్టండి.

పెనం_పిన్ని · బుధవారం, రాత్రి 8.40

రెండు క్యారెట్ చక్రాలకి కొంప మునగదు నాయనా. ఆలూ 17, క్యారెట్ 10, అందులోనూ మూడు దాకా పీచు. ఆవిడ పెట్టేది పుట్టినరోజు, దీక్ష కాదు. రంగు కోసమైనా క్యారెట్ ఉండాలి. ఉల్లిపాయ రేకులు అంచులు కాలితే ఆ తీపి వేరు, పదిమందికి ఒక ఉల్లిపాయ వేసుకోమ్మా.

పుట్టగొడుగుల్ని మాత్రం అదే ట్రేలో కలపకు. అవి నీళ్లు వదిలాయంటే మళ్లీ దూదే. విడిగా, నూనె లేకుండా వేడి పెనం మీద నీళ్లన్నీ ఇగిరేదాకా తిప్పి అప్పుడు నూనె వెయ్యి.

నైట్‌డ్యూటీ · గురువారం, ఉదయం 5.40

డ్యూటీ దిగి చదువుతున్నాను. వంట మీరు చూసుకోండి, ఒక్క విషయం నేను చెప్పాలి. మామగారు ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర గాని వాడుతున్నారా? వాడుతుంటే ఆ రోజు అన్నం, బిర్యానీ మానేసి ఇవి మాత్రమే తిని, మందు మాత్రం మామూలు డోసే వేసుకుంటే షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కంగారు వస్తే ఆలస్యం చేయకుండా గ్లూకోజ్ లేదా మూడు చెంచాల పంచదార నీళ్లు ఇవ్వాలి, "లో కార్బ్" అని చూడకూడదు.

పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని వచ్చే మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా కీటో (పిండి పదార్థాలు దాదాపు మానేసే తిండి) మొదలుపెట్టొద్దు. షుగర్ మరీ ఎక్కువ లేకపోయినా రక్తంలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. ఒక ప్లేటు స్టార్టర్‌తో ఇదంతా జరగదు. రేపటి నుంచి రోజూ ఇలాగే అని ఆయన ఉత్సాహపడతారేమో అని ముందే చెబుతున్నాను.

కొత్తకోడలు · గురువారం, ఉదయం 9.00

థాంక్యూ సిస్టర్. మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమిపిరైడ్ ఉంది, పొద్దున చీటీ చూశాను. మధ్యాహ్నం భోజనంలో బిర్యానీ ఉంటుంది, ఆయన కప్పుతో కొలుచుకుని తింటారు. డాక్టర్ గారికి ఫోన్ చేసి అడుగుతాను.

బ్యాచిలర్_రూమ్ · గురువారం, మధ్యాహ్నం 2.30

ఓటీజీ లేని పేదవాళ్ల సంగతేంటి? నా దగ్గర ఒక గ్యాస్ పొయ్యి, అట్ల పెనం ఉన్నాయి. ఎయిర్ ఫ్రయ్యర్ ఉన్న ఫ్రెండ్ ఉన్నాడు గానీ వాడు మాట్లాడటం లేదు.

పెనం_పిన్ని · గురువారం, మధ్యాహ్నం 3.10

ఇనుప పెనమైతే ఓటీజీ కంటే నీదే నయం. సన్నగా, అరంగుళం మందాన కోసుకో. పెనం బాగా కాలనిచ్చి నూనె రాసి, చదునైన వైపు కిందికి పెట్టి మధ్య మంట మీద ఐదారు నిమిషాలు కదపకు. అంటుకున్నట్టు అనిపిస్తే ఇంకా వేగలేదని అర్థం, వేగితే అదే ఊడివస్తుంది. తిప్పి మూడు నిమిషాలు. మూత వద్దు. నాన్‌స్టిక్‌ని మాత్రం ఖాళీగా అంత కాల్చకు.

ఫ్రెండ్‌తో రాజీ పడితే ఎయిర్ ఫ్రయ్యర్‌లో 200 దగ్గర 12 నుంచి 15 నిమిషాలు, బుట్ట సగానికి మించకుండా.

కొత్తకోడలు · గురువారం, రాత్రి 9.25

రెండో ట్రయల్ రిపోర్ట్!

నిన్న రాత్రే కడిగి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున తీస్తే నిజంగానే పైన పొడి పొడిగా, కొంచెం ముడుచుకుని ఉన్నాయి. సాయంత్రం పిన్నిగారు చెప్పినట్టే చేశాను. వేడి ట్రే మీద మొదటి ముక్క పెట్టగానే చుయ్యిమంది, ఆ చప్పుడుకే నాకు సగం ధైర్యం వచ్చింది. పదిహేను నిమిషాలు తలుపు తియ్యకుండా ఉండటం మాత్రం చాలా కష్టం. మా వాడు స్టూలేసుకుని అద్దంలోంచి కామెంటరీ చెప్పాడు.

తిప్పి చూస్తే కింది వైపు బాదం పొట్టు రంగు, అంచులు ముదురు గోధుమ, సన్న కొమ్మల్లాంటి చివర్లు కరకర. కాడ దగ్గర కొరికితే మెత్తగా ఉంది కానీ నీరు లేదు. బజ్జీలాంటి పెళుసు అయితే కాదు, అది నిజం. వేపుడు కరకర. పైన కరివేపాకు పోపు వేశాక ఇల్లంతా 65 వాసనే.

ఒక పొరపాటు జరిగింది. ట్రే చివర, వెనక వైపు ముక్కలు నల్లబడ్డాయి.

అత్తగారు మూడు ముక్కలు తిన్నారు. ఏమీ అనలేదు. మామూలు స్థితికి వచ్చాం.

ఫ్రిస్కో_వంటిల్లు · గురువారం, రాత్రి 10.15

ప్రతి ఓవెన్‌కీ ఒక వేడి మూల ఉంటుందండీ. ముక్కలు తిప్పేటప్పుడు ట్రేని కూడా ముందుది వెనక్కి తిప్పండి. పైన, కింద రాడ్లు రెండూ వెలుగుతున్నాయో లేదో చూశారా?

ఇంకోటి, కాల్చాక బాగా కుంచించుకుపోతాయి. పన్నెండు మందికి ఎన్ని పూలు తెస్తున్నారు?

కొత్తకోడలు · గురువారం, రాత్రి 10.22

రెండు చాలనుకున్నా?

ఫ్రిస్కో_వంటిల్లు · గురువారం, రాత్రి 10.30

నాలుగు. మీ ట్రేలో ఎడంగా పరిస్తే ఒక విడతకి 400 గ్రాములకి మించి పట్టదు. ముందే మూడొంతులు కాల్చి ఉంచుకుని, వడ్డించే ముందు మళ్లీ ఐదు నిమిషాలు వేడి ట్రేలో పెట్టండి. వేడిగా ఉంటాయని దయచేసి హాట్‌బాక్స్‌లో వెయ్యకండి, ఆవిరికి మెత్తబడతాయి.

మిరపకాయ_బజ్జీ · శుక్రవారం, ఉదయం 10.00

సరే, ఓడిపోయాను. కనీసం టమాటా కెచప్ అయినా పెట్టండి.

తార్నాక_బాబాయ్ · శుక్రవారం, ఉదయం 10.40

పెద్ద చెంచా కెచప్‌లో నాలుగున్నర గ్రాముల దాకా కార్బ్స్, ఎక్కువ పంచదారే. ఒక మనిషి వాటా కాలీఫ్లవర్ మొత్తంలో ఉన్నదానికంటే ఎక్కువ. బజ్జీ గారు చెంచాతో ఆగే రకంగా కనిపించడం లేదు.

పెనం_పిన్ని · శుక్రవారం, ఉదయం 11.15

పెరుగుని గుడ్డలో కట్టి రాత్రంతా వేలాడదీస్తే వెన్నలా అవుతుంది. అందులో రోట్లో నూరిన కొత్తిమీర, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు కలుపు. ఇంకో గిన్నెలో పల్లీల పొడి. మూడు చెంచాల పల్లీలు, ఒక చెంచా నువ్వులు, ఐదు ఎండుమిర్చి విడివిడిగా వేయించి, చల్లారాక రెండు వెల్లుల్లి రెబ్బలతో బరకగా దంచు. మెత్తగా కొట్టావో నూనె దిగి ముద్దవుతుంది. ముక్క పెరుగులో ముంచి పొడిలో అద్దుకుంటే పిండి లేదని ఎవరూ అడగరు.

కొత్తకోడలు · ఆదివారం, రాత్రి 10.50

అయిపోయింది! ఇప్పుడే గిన్నెలు సర్దాను.

ముందు జరిగిన ప్రమాదం చెబుతాను. మొదటి విడత తీసి పళ్లెంలో పెట్టి నేను చీర మార్చుకోవడానికి వెళ్లాను. చల్లారిపోతాయని అత్తగారు ప్రేమగా హాట్‌బాక్స్‌లో వేసి మూత బిగించేశారు. వచ్చి చూస్తే మూతకి ఆవిరి బొట్లు. ఏడుపొచ్చింది. ఫ్రిస్కో అక్క మాట గుర్తొచ్చి మళ్లీ వేడి ట్రేలో ఆరు నిమిషాలు పెట్టాను. పూర్తిగా కాదు గానీ చాలావరకు తేరుకున్నాయి. రెండో విడత నుంచి హాట్‌బాక్స్‌ని అటక మీద పెట్టించాను.

నాలుగు పూలూ అయిపోయాయి. పల్లీల పొడి గిన్నెని పిల్లలు వేలితో నాకేశారు. క్యాప్సికమ్ మాత్రం సగం మిగిలింది, ఎవరికీ పెద్దగా ఎక్కలేదు. మామగారు మూడుసార్లు వడ్డించుకుని "పిండి పట్టించడం మర్చిపోయారా అమ్మా?" అని అడిగారు. లేదు మామయ్యా, కావాలనే అన్నాను. "అయితే వచ్చే ఆదివారం కూడా మర్చిపో" అన్నారు.

డాక్టర్ గారు మాత్రలు మార్చొద్దు, బిర్యానీ కొంచెమైనా తిననివ్వండి అన్నారు, అలాగే చేశాం. తిన్న రెండు గంటలకి షుగర్ 162. ఆ కప్పు బిర్యానీ, చిన్న కేకు ముక్క కూడా అందులో ఉన్నాయి కాబట్టి దేని వల్ల ఎంతో నేను చెప్పలేను.

నైట్‌డ్యూటీ · సోమవారం, ఉదయం 5.55

శుభం. ఆ రీడింగ్ డైరీలో రాసి ఉంచండి, ఏం తిన్నారో కూడా పక్కన రాయండి. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు అదే అడుగుతారు.

బ్యాచిలర్_రూమ్ · సోమవారం, రాత్రి 9.40

పెనం మీద చేశాను పిన్నీ. ఊడిరావడం నిజమే, అదే ఊడొచ్చింది. కాకపోతే కారం పెనం మీదే వేసేశాను, ఘాటుకి అంతస్తు మొత్తం దగ్గింది. పక్క ఫ్లాట్ అంకుల్ వచ్చి తలుపు కొట్టారు. సారీ చెప్పి ఒక ప్లేటు చేతిలో పెట్టాను. అంకుల్ బాగుందని మెసేజ్ పెట్టారు, ప్లేటు మాత్రం ఇంకా రాలేదు. నాకున్నవే రెండు ప్లేట్లు.